రైతు సంఘంలో ‘యువజన కార్యక్రమాలు’ అంటే ఫ్లెక్సీ పట్టుకోవడమేనా?

చేనుగట్టు_మీద
ఊరి పేరు చెప్పను, చెబితే రేపు పొద్దున టీ అంగడి దగ్గర నన్ను పట్టుకుంటారు. అనంతపురం జిల్లా అనుకోండి చాలు. మా దగ్గర రైతు సంఘం పెట్టి నాలుగేళ్లయింది. ఎరువులు, విత్తనాలు తెచ్చిస్తారు. చెనక్కాయలు, కందులు కొంటారు. ఆ పని బాగానే చేస్తున్నారు, అబద్ధం ఎందుకు. నా బాధ వేరే.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం అని నిన్న వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పెట్టారు. అందులో ఖర్చుల కింద ఒక వరుస: ‘సామాజిక, యువజన కార్యక్రమాలు – 1,85,000’. నాకు గుర్తున్న కార్యక్రమాలు రెండే. ఒకటి ఉగాదికి బండలాగుడు పోటీలు. రెండోది ‘యువ రైతు శిక్షణ’. దానికి ఇంటర్ చదివే మావాణ్ణి పిలిచారు. పొద్దున తొమ్మిదికి పోయి మధ్యాహ్నం మూడుకు వచ్చాడు. ఏం నేర్పించార్రా అంటే, "ఫ్లెక్సీ గాలికి లేచిపోతాంటే ఒక పక్క నేను పట్టుకున్నా, ఇంకో పక్క పక్కింటోళ్ల పిల్లోడు పట్టుకున్నాడు. తర్వాత చిత్రాన్నం పొట్లం ఇచ్చారు" అన్నాడు.

లేచి అడగాలా, ఊరుకోవాలా? అడిగితే ఏమని అడగాలి? మీ ఊళ్లల్లో సంఘాలు పిల్లలకు, కుర్రాళ్లకు పనికొచ్చేది ఏమైనా చేస్తున్నాయా?

నల్లరేగడి
ఫ్లెక్సీలో నీ ఫొటో వెయ్యలేదని కోపమా అన్నా?

చేనుగట్టు_మీద
వేశారప్పా. మూడో వరుసలో, బొట్టుబిళ్లంత. అది కూడా నాది కాదు, మా చిన్నాయనది వేసి నా పేరు రాశారు.

ఆరుపళ్ల_జత
బండలాగుడు మీద పడతారేంటి అందరూ? మాది తాడిపత్రి వైపు. మా ఊళ్లో సంఘం పోటీలు పెట్టిన రోజే అరవై మంది కొత్తగా షేర్లు కట్టారు. రచ్చకట్ట మీద మీటింగ్ అంటే పదిమంది రారు, ఎద్దులు వస్తున్నాయంటే పక్క మండలం నుంచి కూడా వస్తారు. వచ్చిన జనం మధ్య ఒక బల్ల వేసి సభ్యత్వ పుస్తకం పెట్టుకుంటే పనైపోయింది. దీన్ని మించిన సామాజిక కార్యక్రమం ఏముంది?

ఇంకోటి. పోటీలు లేకపోతే ఇంత మంచి ఒంగోలు జాతి ఎద్దుల్ని ఎవరు సాకుతారు? దున్నడానికి ట్రాక్టర్ ఉంది, గొర్రు ట్రాక్టర్‌కే, గుంటక ట్రాక్టర్‌కే. ఇక మిగిలింది బండే.

మేకలక్క
ఆరుపళ్ల తమ్ముడూ, ఆ బహుమతి మీ ఊరి ఎద్దులకు ఎప్పుడైనా వచ్చిందా?

ఆరుపళ్ల_జత
...నంద్యాల వైపు వాళ్లు కొట్టుకుపోయారు అక్కా. అయినా చూశాం కదా.

వజ్రాల_వేట
మాది తుగ్గలి వైపు. తొలకరి పడిందంటే మాకు యువజన కార్యక్రమం ఒకటే, జొన్నగిరి చేలల్లో నడుం వంచి నడవడం. సంఘం అక్కర్లేదు, అధ్యక్షుడు అక్కర్లేదు. వజ్రం దొరికితే చేనుగట్టు అన్న సంఘానికి 1,85,000 నేనే కట్టేస్తా.

నల్లరేగడి
ఎన్నేళ్లుగా వంగి నడుస్తున్నావు?

వజ్రాల_వేట
పదకొండు. నడుం నొప్పి దొరికింది.

పద్దుల_పుస్తకం
జోకులు పక్కన పెడదాం. నేను ఇలాంటి సంఘాలకే లెక్కలు రాస్తాను కాబట్టి తెలిసింది చెబుతాను. చేనుగట్టు గారూ, ముందు మీది ఏ రకం సంఘమో చూసుకోండి. రైతు సంఘం అని మనం అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తాం గానీ, కొన్ని 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద ఉన్న సొసైటీలు, కొన్ని కంపెనీల చట్టం కింద ఉన్న ప్రొడ్యూసర్ కంపెనీలు. 2020లో కేంద్రం పదివేల ఎఫ్‌పీవోల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకం తెచ్చాక మన జిల్లాలో రెండో రకం బాగా పెరిగాయి. మీ షేర్ సర్టిఫికెట్ మీద చివర్లో ‘ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్’ అని ఉందా?

ఉంటే మూడు విషయాలు. సర్వసభ్య సమావేశానికి కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దానితో పాటు ఆడిట్ అయిన ఆస్తి అప్పుల పట్టిక, లాభనష్టాల లెక్క, కిందటి సమావేశం తీర్మానాలు పంపాలి. వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో సరిపోదు. రెండోది, సభ్యుడికి ఎన్ని షేర్లు ఉన్నా ఓటు ఒకటే. పది షేర్ల ఆసామి గొంతు పెద్దదైనా ఓటు మీదీ ఆయనదీ సమానమే.

మూడోదే మీకు కావాల్సింది. కంపెనీ సభ్యుల మేలుకో ఊరి మేలుకో విరాళంగా డబ్బు ఇవ్వాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే ఓటేసిన వాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. అదీ కిందటి ఏడాది నికర లాభంలో 3 శాతం దాటకూడదు. పార్టీలకైతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.

చేనుగట్టు_మీద
మూడు శాతమా! పోయినేడు లాభం 2,40,000 అని అదే కాగితంలో ఉంది. అంటే 7,200. ఏడువేల రెండు వందలకు షామియానా కూడా రాదు.

పద్దుల_పుస్తకం
తొందరపడొద్దు. వాళ్లు దాన్ని విరాళం అనరు, ‘ప్రచార ఖర్చు’ అంటారు. సభ్యులకు, ఇతరులకు పరస్పర సహాయం గురించి చదువు చెప్పడం కూడా ఈ కంపెనీల పనుల్లో ఒకటని చట్టంలోనే ఉంది కాబట్టి శిక్షణ ఖర్చును మామూలు ఖర్చుగా రాయొచ్చు. ఎద్దుల పోటీని శిక్షణ అని రాయగలరా లేదా అన్నది ఆడిటర్‌తో తేల్చుకోవాల్సిన సంగతి. మీరు మాత్రం ‘దొంగలు’ అని లేవొద్దు. ‘ఈ 1,85,000ను ముక్కలు ముక్కలుగా చూపించండి, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పండి’ అని అడగండి. పథకం కింద మూడేళ్లలో 18 లక్షల దాకా వచ్చే నిర్వహణ సొమ్ము మేనేజర్ జీతం, ఆఫీసు అద్దె లాంటి వాటికి. అందులోంచి బండ లాగి ఉంటే అది వేరే కథ.

నల్లరేగడి
"బండ లాగి ఉంటే" భలే అన్నారు.

చేనుగట్టు_మీద
షేర్ సర్టిఫికెట్ దొరికింది. బియ్యం డబ్బా అడుగున, ఆధార్ జిరాక్సుల మధ్య పెట్టింది మా ఆవిడ. మీరన్నట్టే చివర్లో ‘ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్’ అని చిన్న అక్షరాల్లో ఉంది. నాలుగేళ్ల నుంచి నేను కంపెనీ వాటాదారుణ్ణని నాకే తెలీదు.

కడప_కారం
నాకైతే మొత్తం వ్యవహారమే అర్థం కాదు. సంఘం పని ఎరువు తేవడం, పంట అమ్మడం. పిల్లలతో దానికేం పని? కబడ్డీ, వ్యాసరచన, ముగ్గులు అన్నీ బడి చూసుకుంటుంది. ఆటలంటే అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల స్టేడియం ఉండనే ఉంది, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లే అక్కడ ఆడారు. మళ్లీ రైతు సంఘం డబ్బుతో క్రికెట్ బంతులు ఎందుకు? సంఘం చెనక్కాయకు రూపాయి ఎక్కువ ఇప్పిస్తే చాలు, ఆ రూపాయితో మా పిల్లోడి బంతి నేనే కొంటా.

టీచరమ్మ
కారం గారి మాటలో సగం ఒప్పుకుంటాను. ఆటల పేరుతో ఖర్చు నాకూ నచ్చదు. మిగతా సగానికి మా ఊరి సంగతి చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను కళ్యాణదుర్గం వైపు ఒక హైస్కూల్లో సైన్స్ చెబుతాను. మూడేళ్ల కింద మా ఊరి సంఘం కార్యదర్శి వచ్చి ‘పిల్లలకు పోటీలు పెడతాం, కప్పులిస్తాం’ అన్నాడు. కప్పులు వద్దయ్యా, పని ఇవ్వు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాకూ అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు, నోటికొచ్చింది అనేశాను. తర్వాత ఇద్దరం కూర్చుని రెండు పనులు తేల్చాం.

మొదటిది వాన లెక్క. మన జిల్లాలో ఏడాదంతా పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. అది కూడా ఒక చేలో పడితే పక్క చేలో పడదు. మండలంలో 31 పడిందని ఫోన్లో చదివి మా ఊళ్లో ఒకాయన విత్తనం వేసేశాడు. మా పిల్లల సీసాలో ఆ రోజు 9. విత్తనం సగం మొలిచింది, సగం మట్టిలోనే వేగిపోయింది. ఆ సీసా ఏం పెద్ద యంత్రం కాదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, తిరగేసి గరాటులా అందులోనే పెట్టాం. అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కదా, అందుకని అడుగున చిన్న రాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీశాం. ఆ పైన స్కేలు అతికించాం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చదవాలి, రాయాలి, మళ్లీ నీళ్లు సున్నా గీతకు తేవాలి. ఒక మిల్లీమీటర్ అంటే ఎకరాకు నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్లని వాళ్లే లెక్క కట్టి, ట్యాంకర్‌తో పోల్చుకుని నోరు తెరిచారు.

పిల్లలకు నేను పెట్టిన నియమం ఒకటే. వాన పడని రోజు గడి ఖాళీగా వదలకూడదు, సున్నా రాయాలి. ఖాళీ అంటే చూడలేదని అర్థం. సున్నా అంటే చూశాం, లేదు అని.

రెండోది మొలక పరీక్ష. దాని సంగతి రాత్రికి రాస్తాను, ఇప్పుడు బెల్ కొట్టారు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
బెల్ కొట్టారు అనగానే నాకే భయమేసింది.

కడప_కారం
టీచరమ్మా, ఒక డౌట్. ఆ సీసా లెక్క చూపిస్తే పంటల బీమా వాళ్లు డబ్బులిస్తారా?

టీచరమ్మ
ఇవ్వరు. వాళ్లకు వాళ్ల కేంద్రంలో నమోదైన వానే లెక్క. మా నోటు పుస్తకానికి ఏ ఆఫీసులోనూ విలువ లేదు. విత్తనం ఎప్పుడు వేయాలన్నది మాత్రం ఆఫీసు కాదు కదా నిర్ణయించేది.

కడప_కారం
అదీ నిజమే. అయినా పదో తరగతి పిల్లలకు ఈ సేద్యం గోల ఎందుకని నా బాధ. మావాడి చేతికి మట్టి అంటకూడదనే కదా మేం ఇంత చస్తున్నాం.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
కారం అన్నా, నా చేతికి మట్టి అంటకుండానే మా నాన్న చదివించాడు. ఇప్పుడు బెంగుళూరులో రోజుకు మూడు గంటలు బస్సులో కూర్చుంటున్నా. మాది కదిరి వైపు, పది ఎకరాల మెట్ట, రెండెకరాలు చీనీ, అదే బత్తాయి. లాక్‌డౌన్‌లో ఏడాదిన్నర ఇంటి నుంచే పని. అప్పుడు మా ఊరి సంఘం ఆఫీసుకు పోయి ‘చీనీ, టమోటా ధరలు రోజూ నాలుగు మార్కెట్లవి తీసి ఒక పట్టికలో పెట్టి అందరికీ పంపుతా, జీతం వద్దు’ అన్నా. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, ‘నీ పేరు మీద పొలం పాస్‌బుక్ ఉందా?’ లేదు, నాన్న పేరు మీద ఉంది. ‘అయితే నాన్నను రమ్మను.’ మా నాన్నకు ఫోన్లో టార్చ్ వెయ్యడం కూడా రాదు.

మళ్లీ సంక్రాంతికి వచ్చినప్పుడు ‘యువత సంఘంలోకి రావాలి’ అని గోడ మీద రాసుంది. ఫొటో తీసి పెట్టుకున్నా.

పద్దుల_పుస్తకం
సిగ్నల్ గారూ, పాస్‌బుక్ నియమం చట్టంలో లేదు. పంట, పశుపోషణ, తోట, తేనెటీగలు, చేనేత, ఇలాంటి ఏ ఉత్పత్తి పనిలో ఉన్నా ప్రొడ్యూసర్ కిందకే వస్తారు. భూమి సొంతం కావాలని లేదు. సంఘాలు తమ నియమావళిలో పెట్టుకుంటే అది వేరు, దాన్ని మార్చమని సమావేశంలో అడగొచ్చు.

మేకలక్క
పద్దుల అన్నా, ఆ మాట మళ్లీ చెప్పు. మేకలు మేపేవాళ్లు కూడా వస్తారా?

పద్దుల_పుస్తకం
వస్తారక్కా. పశుపోషణ అందులో ఉంది.

మేకలక్క
అయితే వినండి. ఇంట్లో ఇరవై రెండు మేకలు, పదకొండు గొర్రెలు. వాటిని మేపేది నేను, వాటికి మందు తాపేది మా పెద్దమ్మాయి. డిగ్రీ చదువుతోంది, ఈతకొచ్చిన మేకను అర్ధరాత్రి చూసుకునేది కూడా అదే. సంఘంలో పేరు మాత్రం మా ఆయనది. ఆయన అనంతపురంలో ఆటో తోలతాడు. సంఘం వాళ్లు ‘జీవాల పెంపకంపై యువతకు శిక్షణ’ పెట్టి ఆయనకు ఫోన్ చేశారు. ఆయన పోయి సంతకం పెట్టి, సంచి, పెన్ను తెచ్చుకున్నాడు. సంచి బాగుంది. చిటుక రోగానికి టీకా ఎప్పుడు వేయించాలో చెప్పారా అంటే, చెప్పారంట, ఆయనకు గుర్తు లేదంట.

వానకు ముందే వేయించాలి, అది మా అమ్మాయికి ముందే తెలుసు.

నల్లరేగడి
ఆటోకు టీకా వేయించి ఉంటాడు.

వేదిక_నిర్వాహకుడు
ఒక పోస్టు తీసేశాను. ఏ సంఘం అధ్యక్షుడు ఏ పార్టీ, ఏ కులం అన్నది ఈ చర్చకు అక్కర్లేదు. మళ్లీ రాస్తే చర్చ మూసేస్తాను.

వజ్రాల_వేట
నిర్వాహకుడు గారూ, తీసేసింది నాదే. సారీ. నడుం నొప్పిలో రాశా.

టీచరమ్మ
మొలక పరీక్ష సంగతి. సంఘం రెండేళ్ల కింద మే నెలలో ఒక వ్యాపారి దగ్గర చెనక్కాయ విత్తనం కొంది, కె-6 రకం అన్నాడు. పంచేముందు ఒక గిద్దెడు గింజలు బడికి పంపమన్నాను. మందు పట్టించని గింజలే పంపాలని గట్టిగా చెప్పాను, పిల్లలు ముట్టుకుంటారు కాబట్టి. సెలవులే గానీ, ఊళ్లో ఉన్న తొమ్మిదో తరగతి పిల్లలు అయిదుగురు వచ్చారు. ఉతికిన గోనెసంచి తడిపి పరిచి, ఏరకుండా చేతికొచ్చిన నూరు గింజలు పది వరుసల్లో పేర్చారు. ఏరకుండా అన్నది ముఖ్యం. ఒకడు ముడతల గింజ పక్కన పెట్టబోతే ఇంకో పాప చెయ్యి మీద కొట్టింది. పైన ఇంకో తడి సంచి వేసి, చాపలా చుట్టి, పురికొసతో కట్టి, నీళ్ల తొట్టి పక్కన నీడలో పెట్టారు. పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించడం.

అయిదో రోజు విప్పారు. ఊరంతా చూస్తుండగా కాదులెండి, నేను, అయిదుగురు పిల్లలు, ఒక కుక్క. మొలకెత్తినవి 46. పదో రోజుకు 54. కొన్ని గింజలు వేలితో నొక్కితే మెత్తగా జారిపోయాయి, బూజు వాసన. సర్టిఫైడ్ విత్తనానికి కనీసం 70 మొలవాలి. ఆ పాప బడి గోడ మీద సుద్దతో ‘54’ అని ఇంతెత్తు రాసింది.

అధ్యక్షుడికి కోపం వచ్చింది. ‘చిన్నపిల్లల లెక్క పట్టుకుని నేను వ్యాపారితో గొడవ పడాలా’ అన్నాడు. ఆయన భార్య ఇంట్లో వేరే సంచి నుంచి నూరు గింజలు తీసి మళ్లీ పెట్టింది. 57. ఆ మాట ఆయనే వచ్చి బడిలో చెప్పి పోయాడు. సరుకు వెనక్కి పంపారు. వ్యాపారి వారం రోజులు ఏడిపించి, తీసుకున్నాడు.

ఆ తర్వాత నుంచి మే నెల వస్తే రైతులు తువ్వాలు కొంగుకు గింజలు ముడేసుకుని బడి గేటు దగ్గర నిలబడతారు. ‘పాపా, మాది కూడా చూడు’ అని. పోయినేడు ముప్పై ఎనిమిది ఇళ్ల విత్తనం చూశారు. గోనెసంచులు చాలక సంఘమే కొనిచ్చింది. మొత్తం ఖర్చు ఆరు వందలు.

ఆరుపళ్ల_జత
అక్కా... ఆరు వందలా.

నల్లరేగడి
బుడ్డలు అనండి, చెనక్కాయలు కాదు.

చేనుగట్టు_మీద
కర్నూలోళ్లు వచ్చారు. ఇక చర్చ అయిపోయినట్టే.

నల్లరేగడి
బుడ్డలే.

పాతసేద్యం
నా వయసు అరవై ఎనిమిది, మనవడు టైపు చేస్తున్నాడు. 2000లో మన జిల్లాలో చెనక్కాయకు కాండం కుళ్ళు వచ్చింది గుర్తుందా? నెల దాటిన పైరు మొవ్వు మాడి, కాడ నల్లగా అయిపోయి, నిలువునా ఎండింది. శాస్త్రవేత్తలు వచ్చి వైరస్ అన్నారు, వయ్యారిభామ మొక్కలో ఉండి తామర పురుగులతో వస్తుంది అన్నారు. అప్పుడు మా ఊళ్లో సంఘమూ లేదు, ఫ్లెక్సీ లేదు. తర్వాతి ఏడాది విత్తనానికి ముందు పాతికమంది కుర్రాళ్లు గట్ల మీద, దారుల మీద వయ్యారిభామ పీకారు. పూతకు రాకముందే పీకాలని వాళ్లే రోజులు లెక్కపెట్టుకున్నారు. చేతులు దురద, ఒళ్లంతా దద్దుర్లు. చేను చుట్టూ జొన్న సాళ్లు వేయించింది కూడా వాళ్లే. సాయంత్రం ఉగ్గాని, బజ్జీలు పెట్టాం. అంతే ఖర్చు.

అట్లని పండగ వద్దనను. ఏరువాక పున్నానికి ఎద్దుల కొమ్ములకు రంగులేసి ఊరంతా తిప్పకపోతే నాకు ఆ ఏడు సేద్యం మొదలైనట్టే ఉండదు. ఇప్పుడు మా ఊళ్లో రెండే జతలు. అయినా తిప్పుతాం. దాన్ని ఖర్చు కింద రాసుకుంటారా రాసుకోండి.

ఆరుపళ్ల_జత
తాతా, నీ మాట మీదే నిలబడతా.

డ్రోను_బాబు
శిక్షణ మీద నా గోడు కూడా వినండి. పద్దెనిమిది నిండి పది పాసైతే డ్రోను పైలట్ శిక్షణకు అర్హత అని తెలిసి పోయాను. ఒక చోట నేర్చుకున్నాను, పేరు వద్దు. సర్టిఫికెట్ వచ్చింది. పది లీటర్ల ట్యాంకుతో ఎకరా పది నిమిషాల్లోపే కొట్టేయొచ్చు, అది నిజమే. కానీ డ్రోను లేదు. మా సంఘానికి ఒకటి వచ్చింది, అది అధ్యక్షుడి గోడౌన్‌లో ప్లాస్టిక్ కవర్ విప్పకుండా ఉంది. పాడైపోతుందని బయటికి తియ్యరు. నేను ఏడాదిగా సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకుని కూర్చున్నా.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్
రెండూ లామినేషన్లే అన్నమాట.

కడప_కారం
నేను ఒక మాట మార్చుకుంటా. టీచరమ్మ చెప్పిన గోనెసంచి పని మావాడితో ఈ ఆదివారం ఇంట్లో చేయించా. చెనక్కాయ లేదు, పెసలతో. వాడు ఫోన్ పక్కన పెట్టి గంటకోసారి నీళ్లు చల్లుతున్నాడు, కుళ్లిపోతాయిరా అని నేనే ఆపాల్సి వచ్చింది. మట్టి మాత్రం అంటలేదు, అది గమనించండి.

టీచరమ్మ
రోజుకు రెండుసార్లు చాలని చెప్పండి.

చేనుగట్టు_మీద
సమావేశం అయింది. అందరూ అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తా.

ముందు కోరం గోల. సభ్యుల్లో నాలుగో వంతు ఉండాలంట. పదకొండుకు అనుకున్నది, పన్నెండున్నరకు భోజనం వాసన వచ్చాక జనం నిండారు. ఆరుపళ్ల అన్న చెప్పింది నిజమే, తిండో ఎద్దులో లేకపోతే మనవాళ్లు కదలరు.

పద్దుల అన్న చెప్పినట్టే అడిగా, గొంతు పెంచకుండా. చెయ్యి మాత్రం వణికింది. 14 రోజుల నోటీసు మాట ఎత్తగానే మేనేజర్ మొహం చూడాలి. ఎవరో వెనక నుంచి ‘లా చదివినావా ఏంది’ అన్నారు. 1,85,000 విడగొట్టి చదివారు. అందులో 1,10,000 చందాలు, సంఘం డబ్బు కాదు. అది విని నేను కూర్చోబోయా. అప్పుడు మా పెదనాయన అడిగాడు, చందా ఎవరిచ్చారు అని. పట్టణంలో పురుగుమందుల కొట్టు వాళ్లంట. ఫ్లెక్సీలో సగం వాళ్ల మందు డబ్బాలే. ‘మన సంఘం కూడా అదే మందు అమ్ముతోంది గదా, మన పందిట్లో వాళ్ల బొమ్మలెందుకు’ అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు ఇది తట్టనే లేదు, లెక్క చూసినంతసేపూ అంకెలే చూశా.

మిగతా 75,000లో ‘శిక్షణ’ 31,000. అందులో ఫ్లెక్సీలు, శాలువలు, దండలు కలిపి 12,500. శాలువ కప్పించుకున్నవాళ్లలో ఇద్దరు అక్కడే ఉన్నారు, తల దించుకున్నారు.

తేలిందేంటంటే బండలాగుడు ఆగదు. చందాలతోనే చెయ్యాలి, మందుల కొట్టు వాళ్లవి తీసుకోకూడదు అన్నారు, ఉగాది దాకా ఆ మాట నిలిస్తే చూద్దాం. పాస్‌బుక్ నియమం సంగతి ఎత్తితే ‘వచ్చే సమావేశంలో’ అన్నారు. మేకలక్క మాట చెప్పా, పేరు చెప్పకుండా. మా ఊళ్లోనే నలుగురు ఆడవాళ్లు లేచి ‘మాదీ అదే కథ’ అన్నారు. వాళ్ల పేర్లు రాసుకున్నారు, పెన్సిల్‌తో.

శిక్షణ డబ్బులోంచి ఊరికి ఒక వానమాపకం, బడికి గోనెసంచులు కొనడానికి ఒప్పుకున్నారు. సీసా వద్దు, అసలుది కొందాం అన్నారు. రోజూ ఎవరు చూస్తారు అంటే, మావాడు చెయ్యెత్తాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదు, నా వెంబడి భోజనానికి వచ్చాడు.

మేకలక్క
పెన్సిల్‌తో ఎందుకు రాశారు?

చేనుగట్టు_మీద
అదే అడిగానక్కా. పెన్ను కనిపించలేదంట.

పద్దుల_పుస్తకం
తీర్మానాల పుస్తకంలో ఎక్కిందా లేదా చూసుకోండి. నోటిమాట వచ్చే ఏడాదికి ఉండదు.

చేనుగట్టు_మీద
ఎక్కింది. ఫొటో తీసుకున్నా.

వానమాపకం వచ్చింది. కొత్త గొడవ. అధ్యక్షుడు తన మిద్దె మీద పెడదామంటాడు, ‘భద్రంగా ఉంటుంది’ అని. టీచరమ్మా, మిద్దె మీద పెట్టొచ్చా?

టీచరమ్మ
వద్దు. మిద్దె మీద గాలి ఎక్కువ, లెక్క తప్పుతుంది. నేల మీదే, మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా పెట్టండి. చెట్టుకు గానీ గోడకు గానీ, వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరం ఉండాలి. మేకలు దూకకుండా చుట్టూ కంచె.

మేకలక్క
మేకల మీద నింద వద్దు.

నల్లరేగడి
అధ్యక్షుడి మిద్దె మీద పెడితే వాన అధ్యక్షుడి చేలోనే పడుతుంది, తెలీదా?

చేనుగట్టు_మీద
బడి ఆవరణలో, జెండా గద్దె నుంచి దూరంగా పెట్టించాం. మొదటి మూడు రోజులు మావాడు సున్నా, సున్నా, సున్నా అని రాశాడు. సెప్టెంబరు, వాన పడాల్సిన నెల, మూడు సున్నాలు చూసి ఊళ్లో ఒకాయన ‘ఈ డబ్బా వచ్చాకే వాన పోయింది’ అంటున్నాడు.

నిన్న రాత్రి పడింది. పొద్దున ఆరుకే పోయి గేటు దగ్గర కూర్చున్నాడు, ఎనిమిదిన్నర దాకా ముట్టుకోకూడదని. 22.4.

వజ్రాల_వేట
22 పడిందా? మా వైపూ పడి ఉంటే నేను బయల్దేరుతున్నా.

నల్లరేగడి
నడుం?

వజ్రాల_వేట
బెల్టు కొన్నా.